ఆరేళ్లకే ఓడెక్కిన ఉమెకో

ఆరేళ్ల పిల్లని పక్కూరు పంపాలంటేనే మనకి మనసొప్పదు. అలాంటిది 1871లో జపాన్ ప్రభుత్వం ఐదుగురు ఆడపిల్లల్ని ఓడెక్కించి చదువుకోమని అమెరికా పంపింది. వాళ్లందరిలోకీ చిన్నది త్సుదా ఉమెకో. అప్పటికామెకి ఆరేళ్లే!

ప్రయాణం, చదువు, తిండి... పదేళ్ల ఖర్చూ ప్రభుత్వానిదే. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌లో లాన్మన్ దంపతులు సొంతబిడ్డలా పెంచారు. 1882లో తిరిగొచ్చేసరికి మాతృభాషే మర్చిపోయింది! పైగా, చదివొచ్చిన ఆడపిల్లలకి ఏం పనివ్వాలో సర్కారుకే తెలీలేదు. చివరికి 1885లో గొప్పింటి అమ్మాయిల బడిలో టీచరైంది.

1889లో మళ్లీ అమెరికా వెళ్లి, బ్రిన్ మార్ కాలేజీలో జీవశాస్త్రం చదివింది. కాలేజీ ఫీజు వద్దంది. బడి జీతంతో సెలవిచ్చింది. మరి ఏ ఆసరా లేని అమ్మాయిల సంగతేమిటి? ఆ ఆలోచనే ఉమెకోని కుదురుగా ఉండనివ్వలేదు. సభల్లో మాట్లాడి, ఫిలడెల్ఫియాలోని మేరీ మోరిస్ వంటి స్నేహితురాళ్ల సాయంతో 8,000 డాలర్లు పోగుచేసింది. అసలు కదపకుండా, వచ్చే వడ్డీతో జపాన్ అమ్మాయిల్ని ఒకరి తర్వాత ఒకర్ని అమెరికాలో చదివించే ఏర్పాటది.

1900లో టోక్యోలో పదిమంది విద్యార్థినులతో సొంత బడి పెట్టింది. 1929లో ఆమె కన్నుమూశాక దాని బాధ్యత తీసుకున్న హోషినో ఆయ్ కూడా ఆ స్కాలర్‌షిప్‌తో చదువుకున్నామే! ఆ బడే నేటి త్సుదా విశ్వవిద్యాలయం. 2024లో జపాన్ విడుదల చేసిన 5,000 యెన్‌ల నోటు మీద ఉన్నది ఉమెకో బొమ్మే.