పర్మనెంటు కాని కొలువులో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. నాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మన సభ్యులలో ఎందరో ఉన్నారు. కాబట్టి నేను జీవితమంతా ఉద్యోగం కోసం తిరిగిన ఒక శాస్త్రవేత్త గురించి రాస్తానని చెప్పాను. నా సర్వీసంతా పోచంపాడ్ ప్రాజెక్టు ఆఫీసులో, అందులోనూ ఎక్కువ కాలం ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో గడిచింది. అందువల్ల ఎవరి జీవిత చరిత్ర చదివినా, ఎప్పుడు చేరారు, ఏ పోస్టులో చేరారు, ఎప్పుడు రెగ్యులరైజు అయ్యారు అనేవే నా కళ్లు ముందుగా వెతుకుతాయి. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితాన్ని ఆ కళ్లతో చూస్తే ఆశ్చర్యమూ వేస్తుంది, బాధా కలుగుతుంది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, అంటే ఒక విధంగా మనవారే. ఏడుగురు సంతానం, చాలీచాలని జీతం. చదువు రాజమండ్రిలో కొంత, మద్రాసులో కొంత సాగింది. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయవలసి వచ్చింది. పరీక్ష తప్పిన మనుమలను మందలించే తాతలు ఈ ముక్క గుర్తు పెట్టుకుంటే మంచిది. మధ్యలో సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మఠంలో చేరదామని ఆలోచించారు. తల్లి వెంకమ్మగారు ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు మిత్రులతో పాటు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కూడా సాయపడ్డారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరిగారితోనే సుబ్బారావుగారికి వివాహమయింది.

ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మన పాత వైద్యులు సంగ్రహణి అనేది ఇటువంటి జబ్బునే. తిన్నది వంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగిపోయి మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటరుకు వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చిందని, అందుకే రాత పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఆ చిన్న తేడా ఏం చేస్తుందో మన ఆఫీసుల్లో పనిచేసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. మద్రాసు మెడికల్ సర్వీసులో ప్రయత్నిస్తే ఉద్యోగం రాలేదు. చివరికి మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే లెక్చరరు పని దొరికింది. అక్కడే, మన మూలికల్లో ఏ పదార్థం పనిచేస్తున్నదో పట్టుకోవాలనే కోరిక ఆయనలో పాతుకుపోయింది. దానికి ప్రయోగశాల కావాలి. ఆ ప్రయోగశాల ఇక్కడ లేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో, మామగారు సమకూర్చిన డబ్బుతో 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్యను ఇక్కడే వదిలి వెళ్లారు. మూడేళ్లలో తిరిగి వస్తానన్న మాట మీద వెళ్లారంటారు. మళ్లీ మన గడ్డ మీద అడుగు పెట్టలేదు. వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనే లేదు. శాస్త్రం కోసం త్యాగం అని పుస్తకాలు రాస్తాయి. ఆ త్యాగంలో పెద్ద వాటా శేషగిరిగారిదని నా అభిప్రాయం.

హార్వర్డ్‌లో ఉష్ణదేశపు వ్యాధుల చదువుకు సీటు దొరికింది కాని కడుపు నిండే దారి దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే వార్డుబాయి పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడగడం ఆ పనిలో భాగం. ఇక్కడ డాక్టరుగా పాసయిన మనిషి అక్కడ ఆ పని చేశారు, పగలు చదివారు. డిప్లొమా చేతికి వచ్చాక సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని జీవరసాయన ప్రయోగశాలలో చేరారు.

1925లో ఆ ఇద్దరి పేర్లతో వెలువడిన పద్ధతి ఇప్పటికీ విద్యార్థులు నేర్చుకుంటారు. రక్తంలో కాని మూత్రంలో కాని ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలవడం దాని పని. ఆమ్లం కలిపిన మాలిబ్డేటు ద్రావణం వేసి, పైన మరొక రసాయనం చేరిస్తే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువైతే నీలం చిక్కగా, తక్కువైతే పలచగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని పోల్చి లెక్క కడతారు. బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగాలు చూసినవారికి ఒక మాట: చెరకు రసం తేట పడాలంటే అందులో ఫాస్ఫేటు తగినంత ఉండాలి. దాన్ని చూసేది కూడా ఇటువంటి నీలిరంగు పరీక్షతోనే. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది కాబట్టి మన జిల్లాకు ప్రయోగశాల కొత్త మాటేమీ కాదు.

ఆ కొలత చేతిలో ఉండబట్టే తర్వాతి పని సాధ్యమయింది. కండరం ముడుచుకోవడానికి బలం ఎక్కడినుంచి వస్తుంది? లాక్టిక్ ఆమ్లం నుంచి అని అప్పటి పెద్దల సిద్ధాంతం. దాని మీద చేసిన కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫిస్కే, సుబ్బారావులు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని చూపించారు. 1929లో ఎ.టి.పి.ని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా విడిగా కనుగొన్నారు. మనం మెట్లెక్కినా, కలం పట్టినా ఖర్చయ్యేది ఈ ఎ.టి.పి.యే. జీవశాస్త్రం చదివే పిల్లలకు ఇది ఇంటి పేరంత పరిచయం. దాన్ని పట్టినవారిలో భీమవరం మనిషి ఒకరని మాత్రం చాలామందికి తెలియదు.

1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇక పర్మనెంటు అవుతుందనుకుంటాం కదా. కాలేదు. 1940 దాకా, అంటే పిహెచ్.డి. తర్వాత పదేళ్లయినా కింది స్థాయి పదవుల్లోనే ఉండిపోయారు. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. తన పని గురించి తాను చెప్పుకునే అలవాటు ఆయనకు లేదు. ఆయన పక్కన పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో ఒక సంగతి బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదని, వాటిని చాలా ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని ఆయన మాటల సారాంశం. దీనికి తోడు, భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని అక్కడి సుప్రీం కోర్టు 1923లోనే తేల్చింది. ఆ నిబంధన 1946 చట్టంతో గాని సడలలేదు. చట్టం మారాక కూడా ఆయన పౌరసత్వం పుచ్చుకోలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మనుమరాలు బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పాసయింది. జీవశాస్త్ర పరిశోధనలో ఉద్యోగ ప్రకటనలు ఎలా ఉంటాయో ఆమె చూపిస్తే చదివాను. ప్రాజెక్టు అసిస్టెంటు, జూనియర్ రిసెర్చ్ ఫెలో, ల్యాబ్ టెక్నీషియన్, జంతుశాల సహాయకుడు: పేర్లు చాలా ఉన్నాయి. కింద మాత్రం దాదాపు అన్నిటికీ ఒకే షరతు. పోస్టు తాత్కాలికం, ప్రాజెక్టుతో పాటే ముగుస్తుంది, రెగ్యులరైజేషన్ కోరే హక్కు లేదు. చదవగానే మా వర్క్‌ఛార్జ్‌డు సిబ్బంది, మస్టరు రోల్ కూలీలు కళ్ల ముందు నిలిచారు. ఆనకట్టలు కట్టే పనిలో ప్రాజెక్టు అన్న మాటకు ఏ అర్థమో, ప్రయోగశాలలోనూ అదే అర్థమన్నమాట. పని అయిపోతే మనిషి అదనం. 1963లో పునాది పడ్డ మా ప్రాజెక్టు నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఆమెకు అటువంటి పోస్టు వచ్చింది. నా కొడుకు వద్దన్నాడు. గ్రూప్-4 రాసి ఆఫీసులో చేరితే స్థిరంగా ఉంటుందని వాడి వాదన. వాడిది తప్పనలేను. పెన్షన్ మీద బతుకుతున్న నేను ఏ మొహంతో స్థిరత్వం వద్దంటాను? ఆమె మాత్రం వెళ్లి చేరింది. ప్రతి ఏడాది మార్చి నెలలో పొడిగింపు ఉత్తరం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర ఉండదు. తండ్రీ కూతుళ్లు ఆ విషయం ఎత్తకుండా మిగతావన్నీ మాట్లాడుకుంటారు. నా అభిప్రాయం ఒక్కటే. దేశానికి మందులు, విత్తనాలు, టీకాలు కావాలంటే వాటిని కనిపెట్టే చేతులకు మంజూరైన పోస్టులు ఉండాలి. నీతివాక్యాలతో ప్రయోగశాల నడవదు.

సుబ్బారావుగారికి 1940లో లెడర్లే అనే మందుల కంపెనీ నిలకడైన కొలువు ఇచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరు. పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికి వయసు 45. ఆ తర్వాత ఆయన బతికింది ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో జరిగిన పని చూస్తే, అంతకుముందు పోయిన ఏళ్ల విలువ ఎంతో తెలుస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. కాలేయంలో ఉండే ఈ విటమిన్ నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారు చేసినట్లు ఆయన బృందం 1945లో ప్రకటించింది. రక్తహీనతకు, స్ప్రూకు అది మందయింది. ఇద్దరు సోదరులను మింగిన జబ్బు అది! నేడు గర్భిణులకు ఐరనుతో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఇదే. 1946లో వచ్చిన వివరమైన వ్యాసం మీద 16 మంది పేర్లున్నాయి. అధిపతి అయిన సుబ్బారావుగారి పేరు వారి నడుమ ఒకటిగా ఉంటుంది. కింది సిబ్బంది రాసిన నోటు మీద పై అధికారి సంతకం మాత్రమే మిగిలే ఆఫీసులు చూసినవాళ్లం కనుక నాకు ఇది గొప్పగా తోచింది.

రెండోది హెట్రజాన్. బోదకాలు వ్యాధిని కలిగించే సూక్ష్మపు పురుగుల మీద పనిచేసే మందు కోసం పత్తి ఎలుకలు అనే ఒక జాతి ఎలుకల మీద ఎన్నో రసాయనాలు పరీక్షించారు. ఆ ఎలుకలను మేపినవారు, బోనులు కడిగినవారు, రక్తపు చుక్కలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టినవారు ఉంటేనే 1947లో ఆ మందు బయటపడింది. మన జిల్లాలో ఇంటింటికీ వచ్చి పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఒకటి, 14 ఏళ్ల వరకు రెండు, ఆపైన మూడు. ఖాళీ కడుపున మింగకూడదు. గర్భిణులకు, రెండేళ్లలోపు పసివారికి, తీవ్రంగా జబ్బుపడ్డవారికి ఇవ్వరు. వాచిన కాలును ఈ మాత్ర తగ్గించలేదు. రక్తంలోని పురుగు పిల్లలను చంపి, దోమ ద్వారా మరొకరికి సోకకుండా ఆపుతుంది. ఆ సంగతి తెలియక కాలు తగ్గలేదని మాత్రలు పారేసినవారిని చూశాను. 2018 నుంచి మన తెలంగాణలో బోదకాలు బాధితులకు కూడా ఆసరా పింఛను ఇస్తున్నారు.

మూడోది ఆరియోమైసిన్. ఆయన కొలువులోకి తీసుకున్న డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వేరే చోట ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి. 70 దాటిన వయసులో, మిస్సోరి నుంచి వచ్చిన మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి ఈ మందును రాబట్టాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులన్నిటికీ ఇదే పెద్దక్క. రిటైరైన మనిషికి ప్రయోగశాలలో పోస్టు ఇచ్చి పని చేయించుకున్న సంగతి మన సభ్యులకు ఆనందం కలిగిస్తుందని ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆ మందు లోకానికి ప్రకటించింది 1948 జూలైలో. మరుసటి నెలలోనే, ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. నోబెల్ రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ బిళ్ల విడుదల చేసింది.

ఇంకొకటి మిగిలింది. ఫోలిక్ ఆమ్లం నిర్మాణం తెలియగానే, దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా లెడర్లే వారు తయారు చేశారు. అందులో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా గుణం కనిపించింది. అంతవరకు ఆ జబ్బుకు ఏ మందూ తాకలేదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1980ల నుంచి దాన్ని చిన్న మోతాదులో కీళ్లవాతానికి వాడుతున్నారు. మన సభ్యులలో, వారి ఇళ్లలో కొందరు ఇది వేసుకుంటూ ఉండవచ్చు. డాక్టరు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే రాస్తారు, రోజూ కాదు. దానితో పాటు వేరే రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. ఒకటి అడ్డుకునేది, ఒకటి సరిచేసేది. రెండూ సుబ్బారావుగారి ప్రయోగశాలలో తయారైనవే. ఏది ఏ రోజున వేసుకోవాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి డబ్బాకు అంటించుకోండి.