మట్టి గోతిలోంచి ఒలింపిక్ వేదిక దాకా - పాల్ ఆండర్సన్



హాస్టల్లో చదువుకున్న వాళ్లకి బస్కీల గురించి వేరే చెప్పక్కర్లేదు. కానిస్టేబుల్ ఉద్యోగానికో, ఆర్మీ సెలక్షన్‌కో తయారయ్యే అన్నయ్యలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తెల్లవారుజామున మేడ మీద వాళ్లు బస్కీలు, దండీలు తీస్తుంటే చూసి మేమూ మొదలుపెట్టిన వాళ్లమే. జిమ్ముకి ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. అందుకని ఇంటర్ చదివే రోజుల్లో ఒక పాత ఇనుప పైపు తెచ్చి, రెండు చివరలా పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి బరువు తయారుచేసుకున్నాం. ఒకరోజు సాయంత్రం మాలో ఒకడు దాన్ని మెడ మీద పెట్టుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేకపోయాడు. ఇద్దరం పరుగెత్తి చెరోవైపు పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. అయినా వారం రోజులు వాడి మెడ పక్కకి తిరగలేదు.

చేతిలో డబ్బు లేనివాడు దెబ్బ తగలకుండా పెద్ద బరువులు ఎత్తలేడా అనే ప్రశ్న ఆ రోజు నుంచీ మమ్మల్ని వెంటాడింది. దానికి ఎన్నో ఏళ్ల కిందటే సమాధానం కనిపెట్టిన మనిషి ఒకడున్నాడు. ఆయనే పాల్ ఆండర్సన్.

ఆండర్సన్ 1932 అక్టోబరు 17న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, టొకోవా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడే బ్రైట్స్ వ్యాధి అనే మూత్రపిండాల జబ్బు చేసింది. ప్రాణం దక్కింది గానీ ఆ జబ్బు నీడ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. పెరిగి పెద్దయ్యాక ఎత్తు సుమారు 5 అడుగుల 9 అంగుళాలే. ఒళ్లు మాత్రం బండరాయిలా గట్టిపడింది. ఫుట్‌బాల్ ఆటలో ప్రతిభ చూపినందుకు ఫర్మన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ మీద సీటు వచ్చింది. కానీ అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. మనసంతా బరువుల మీదే ఉండటంతో చదువు మధ్యలోనే వదిలి ఇంటికి వచ్చేశాడు.

అప్పటికి ఆ కుటుంబం టెనెసీ రాష్ట్రంలో ఉంటోంది. అక్కడ ఆయనకి బాబ్ పీపుల్స్ అనే రైతు పరిచయమయ్యాడు. పగలంతా పొలం పని చేసుకుంటూనే, ఇంటి కింది గదిలో సొంతంగా తయారుచేసుకున్న సామానుతో సాధన చేసేవాడు. 1949లో నేల మీద నుంచి 725 పౌండ్లు, అంటే దాదాపు 329 కిలోలు పైకెత్తిన ఘనుడాయన. బరువు చేయి దాటి పోకుండా కొయ్య స్తంభాలతో ఆయనే ఒక చట్రం కట్టుకున్నాడు. ఈనాటి జిమ్ముల్లో కనిపించే పవర్ ర్యాక్‌కి అలాంటి చట్రాలే పూర్వరూపం. గొప్ప వ్యాయామానికి గొప్ప దుకాణం అక్కర్లేదని ఆండర్సన్‌కి కళ్లారా చూపించింది ఈ రైతే.

ఆండర్సన్ కూడా అదే బాట పట్టాడు. పెద్ద డ్రమ్ముల్లో కాంక్రీటు నింపి నడుమ ఇనుప కడ్డీ బిగించాడు. పాత ఇనుప చక్రాలు, తుక్కు ఏది దొరికితే అది బరువుగా మార్చుకున్నాడు. వీటన్నిటికంటే గొప్ప ఆలోచన ఆయన నేలలో తవ్విన గొయ్యి.

ఆ గొయ్యి కిటుకు చెబుతాం, కొంచెం శ్రద్ధగా వినండి. బస్కీలో ప్రమాదం ఎత్తేటప్పుడు కాదు, లేవలేకపోయినప్పుడు వస్తుంది. భుజాల మీద బరువు దిగడానికి చోటు ఉండదు, అది మనిషి మీదే పడుతుంది. ఆండర్సన్ ఏం చేశాడంటే, రెండు డ్రమ్ములనీ గొయ్యికి అటొకటి ఇటొకటి నేల మీద ఉంచి, తను గోతిలోకి దిగి కడ్డీ కింద భుజాలు ఆనించేవాడు. గొయ్యి లోతుగా ఉంటుంది కాబట్టి మోకాళ్లు కాస్త వంచితే చాలు. అలా చివరి కొద్ది అంగుళాలు మాత్రమే పైకి లేచేవాడు. కొన్నాళ్లకి గోతిలో కొంచెం మట్టి వేసేవాడు. అడుగు పైకి వస్తుంది, కడ్డీ ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి ఈసారి ఇంకాస్త ఎక్కువ వంగి లేవాలి. మళ్లీ కొన్నాళ్లకి ఇంకొంచెం మట్టి. ఇలా పార లెక్కన బలం పెంచుకున్నాడు. ఏ రోజైనా లేవలేకపోతే, బరువు ఎక్కడి నుంచి లేచిందో ఆ నేల మీదికే దిగుతుంది తప్ప ఆయన మీద పడదు. పారకయ్యే ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు.

ఆ గోతిలో పెరిగిన బలం లోకానికి 1955లో తెలిసింది. అమెరికాకీ సోవియట్ యూనియన్‌కీ ఉప్పూ నిప్పుగా ఉన్న కాలమది. ఆ ఏడాది జూన్‌లో అమెరికా జట్టు మాస్కో వెళ్లింది. వేల మంది జనం ముందు ఆండర్సన్ 182.5 కిలోలను భుజాల నుంచి తలపైకి ఎత్తి నిలిపాడు. శత్రుదేశం మనిషి అనుకున్న జనమే ఆయన్ని ప్రకృతి వింతగా కొనియాడారు. అదే సంవత్సరం మ్యూనిక్‌లో 512.5 కిలోల మొత్తంతో ప్రపంచ విజేత అయ్యాడు.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ వచ్చాయి. పోటీ నాటికి ఆయనకి తీవ్రమైన జ్వరం, చెవిలో ఇన్‌ఫెక్షన్. ఒంటి బరువు కూడా తగ్గిపోయింది. అర్జెంటీనాకు చెందిన హంబర్తో సెల్వెట్టి 500 కిలోలతో ముందు నిలిచాడు. ఆండర్సన్ చివరి అంశంలో 187.5 కిలోలు ఎత్తితేనే సమానమవుతాడు. రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి. మిగిలింది ఒక్కటే. మూడోసారి ఎత్తాడు, నిలిపాడు. ఇద్దరిదీ 500 కిలోలే. ఒంటి బరువు తక్కువ ఉన్నవాడే విజేత అన్న నిబంధన ప్రకారం బంగారు పతకం ఆండర్సన్‌ది అయింది. బలవర్ధకమైన శరీరానికి పేరు పొందిన మనిషి, జ్వరంతో తగ్గిన బరువు వల్లే గెలిచాడు!

తర్వాత ఆయన డబ్బు తీసుకుని ప్రదర్శనలు ఇవ్వడంతో అప్పటి నియమాల ప్రకారం మళ్లీ ఒలింపిక్స్‌కి అర్హత పోయింది. 1957లో వీపు మీద 6,270 పౌండ్లు మోశాడని ప్రచారం జరిగింది గానీ, దానికి సరైన ఆధారాలు లేవని తర్వాత సందేహాలు వచ్చాయి. అది పక్కన పెట్టినా ఆయన గొప్పతనానికి లోటు లేదు.

మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇప్పుడు చెబుతున్నాం. 1961లో భార్య గ్లెండాతో కలిసి జార్జియాలోని విడాలియాలో ఆయన ఒక హాస్టల్ లాంటి గృహాన్ని స్థాపించాడు. దారి తప్పి జైలు అంచుకి చేరిన కుర్రాళ్లకి అక్కడ తిండి, చదువు, పని. దాన్ని నడపడానికి ఊరూరా తిరిగి బల ప్రదర్శనలు ఇచ్చి విరాళాలు సేకరించాడు. అంటే గోతిలో సంపాదించిన బలం చివరికి పిల్లల కంచాల్లో అన్నం అయింది. హాస్టల్ అన్నం తిని ఇంట్లో మొదటి డిగ్రీ అందుకున్న మాకు ఈ మాట రాస్తుంటే కళ్లు చెమర్చాయి.

చిన్ననాటి మూత్రపిండాల జబ్బు మళ్లీ తిరగబెట్టింది. 1983లో ఆయన సోదరి తన కిడ్నీ ఇచ్చి కాపాడింది. 1994 ఆగస్టు 15న, 61 ఏళ్ల వయసులో ఆండర్సన్ కన్నుమూశాడు.

తమ్ముళ్లారా, ఆయనలా లెక్కలేనంత తిని ఒళ్లు పెంచమని మేము చెప్పడం లేదు. ఆయన నుంచి తీసుకోవలసింది ఒక్కటే సూత్రం: బరువు ఎత్తే ముందు, అది ఎక్కడికి దిగుతుందో ఏర్పాటు చేసుకోవాలి. ముందు ఉత్త బస్కీలు సరిగ్గా రావాలి. తర్వాత గుండెకి హత్తుకున్న ఇసుక సంచి చాలు, లేవలేకపోతే ముందుకి వదిలేయవచ్చు. పది లీటర్ల బకెట్టు నిండా పొడి ఇసుక సుమారు 16 కిలోలు తూగుతుంది, కాబట్టి కొలత మన చేతిలోనే ఉంది. భుజాల మీద కడ్డీ పెట్టుకునే దశ వస్తే, కూర్చున్నప్పుడు కడ్డీ ఉండే ఎత్తుకంటే కాస్త కిందుగా రెండు వైపులా గట్టి ఆధారాలు ఉండాలి. వాటి మీద ముందుగా బరువు దించి ఊగుతున్నాయేమో చూడాలి. ప్లాస్టిక్ కుర్చీలు, పేర్చిన ఇటుకలు ఆధారాలు కావు. తడి మేడ మీద, హవాయి చెప్పులతో అసలే వద్దు. పక్కన ఇద్దరు లేనిదే మొదలుపెట్టవద్దు.

మా సిమెంటు డబ్బాల పైపుని మర్నాడే విప్పేశాం. ఆ రోజు మేము ఆండర్సన్ కథ చదివి ఉంటే, మా స్నేహితుడి మెడ నొప్పి పుట్టేదే కాదు. మీరు చదివారు. ఇక మీ వంతు.