తురుపు దించని దొర

కడప నుండి రాజంపేటకు పోయే త్రోవలో ఒంటిమిట్ట కోదండరామాలయ గోపురం దూరం నుండే కనిపిస్తుంది. 1652లో ఈ దారిన పోయిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఆ ఆలయాన్ని చూచి మెచ్చుకొన్నాడు. గుడి చుట్టూ ఉన్న భూమి మాత్రం యాత్రికులు మెచ్చుకొనే భూమి కాదు. చెరువు నిండిన ఏట నాలుగు మళ్లు, బావి తవ్వుకొన్నవానికి కొంత తోట, తక్కినదంతా ఆకాశం వైపు చూచే మెట్ట. ఇక్కడ సేద్యమంటే వానతో ఆడే జూదం. విత్తనం రైతు ఒడ్డే పందెం. పాచికలు మాత్రం మబ్బు చేతిలో ఉంటాయి.

మట్లి రాజుల కాలంలో ఒక వెలుగు వెలిగిన ఈ సిద్ధవటం సీమ, 1800 అక్టోబరు 12వ తేదీన నైజాము ప్రభువు చేసిన ఒడంబడికతో ఇంగ్లీషు కంపెనీ వశమైనది. కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు కలిసిన ఆ విశాల భూభాగానికి దత్తమండలాలని పేరు వచ్చినది. దానిని చక్కదిద్దుటకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో.

ఆయన స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1761 మే 27న పుట్టినాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వర్జీనియా పొగాకు వ్యాపారం చేసి బాగా గడించినాడు. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరుగబడగానే ఆ వ్యాపారం కుప్పకూలినది. ఒక్క సరుకును నమ్ముకొని సర్వం ఒడ్డితే ఏమవుతుందో ఆ కుటుంబానికి అనుభవమే. కొడుకు కంపెనీ సైన్యంలో కేడెట్టుగా చేరి 1780 జనవరిలో చెన్నపట్నంలో దిగినాడు. చాలీచాలని జీతంలో మిగిల్చి తల్లిదండ్రులకు డబ్బు పంపుతూ వచ్చినాడు. డాన్ కిహోటీని మూలంలో చదువుకొనే కోరికతో చిన్ననాడే స్వయంగా స్పానిషు నేర్చుకొన్న మనిషి ఈ దేశం వచ్చి పారసీ, హిందూస్తానీలు నేర్చినాడు. షైలాకు కథను పోలిన కథ ఒకటి పారసీ వ్రాతప్రతిలో కనిపించగా దానిని అనువదించి స్వదేశానికి పంపినాడు. ఇటువంటి సైనికులు ఏ దేశంలోనూ తరచుగా కనబడరు.

హైదరుతోనూ, టిప్పుతోనూ జరిగిన యుద్ధాలలో పాల్గొన్నాడు. కాని ఆయనను మలచినది యుద్ధం కాదు. 1792 నుండి ఏడేండ్లు బారామహలులో కెప్టెన్ రీడ్ వద్ద చేసిన శిస్తు కొలువు. పొలం గట్టున నిలిచి రైతుతో మాట్లాడడం అక్కడే నేర్చినాడు. తరువాత కన్నడ తీరంలో కొంతకాలం పనిచేసి, 1800 చివరలో మన సీమకు వచ్చినాడు.

అప్పటి పరిస్థితి చూడవలసినది. ఎనుబది మంది పాళెగాండ్లు. వారి క్రింద దాదాపు ముప్పది వేల మంది ఆయుధపాణులు. ప్రతి పల్లెకూ ఒక కోట. అటు చూస్తే కంపెనీ బలమూ తక్కువది కాదు. ఏడాది క్రిందనే శ్రీరంగపట్నం కూలినది. జనరల్ డూగల్డ్ కాంబెల్ సేన ఇక్కడనే విడిసి ఉన్నది. పేకాటలో పెద్ద ముక్క పడినవానికి చేయి దురద పెడుతుంది. ఉన్నదంతా బల్ల మీద పోయవలెనని తోస్తుంది. తన ముక్క పెద్దదే గాని అన్నిటికన్న పెద్దది కాకపోవచ్చునని తలచేవాడు మాత్రం చేయి బిగబట్టుకొంటాడు. మన్రో ఈ రెండవ రకం ఆటగాడు.

ఆయన కావలి బలగం లేకుండా డేరాలలో ఊరూరా తిరిగినాడు. సిపాయిలు కనబడితే రైతు పారిపోతాడు, లేదా అబద్ధం చెబుతాడు. తురుపు తన చేతిలో ఉన్నదని అందరికీ తెలుసు. దానిని ఎత్తి చూపవలసిన పని లేదు. 1802లో భూముల కొలత మొదలైనది. 33 అడుగుల గొలుసు పట్టుకొని గుమాస్తాలు కొండలు తప్ప ప్రతి పొలమూ కొలిచినారు; నేల గుణాన్ని బట్టి తరగతులు ఏర్పరచినారు. జమీందారూ గుత్తదారూ నడుమ లేకుండా, రైతు పేరనే పట్టా వ్రాసే రైతువారీ పద్ధతి అది. 1806 నాటికి కొలత ముగిసినది.

పాళెగాండ్ల విషయంలో ఇంత ఓర్పు చూపినాడని చెప్పలేము. పేష్కషు ఎక్కువగా కట్టడం, చెల్లించలేనివారిని తొలగించడం, ఎదిరించినవారి మీదికి సేనను పంపడం, లొంగినవారికి భరణమివ్వడం ఇవి ఆయన మార్గాలు. ఈ కాఠిన్యాన్ని 1804లో లండనులోని డైరెక్టర్లే తప్పుపట్టినారు. పల్లెల్లో కొల్లలు తగ్గిన మాట నిజమే. తరతరాల ఇండ్లు పాడుపడిన మాటా నిజమే. ఆయన జీవితం చదివే విద్యార్థి ఈ రెండింటినీ చూడవలెను.

రైతు ముందర మాత్రం ఆయన చేసిన పని విలక్షణమైనది. ఏడేండ్లలో భూమి శిస్తు సుమారు పది లక్షల వరహాల నుండి పదిహేను లక్షలు దాటినది. ఇటువంటి లెక్క చూపిన కలెక్టరు ఇంకా పెంచుతానని చెప్పి మెప్పు పొందుతాడు. మన్రో తగ్గించమన్నాడు. 1807 ఆగస్టు 15న పంపిన నివేదికలో, అన్ని భూముల మీదా శిస్తులో నూటికి ఇరువది అయిదు వంతులు తీసివేయవలెనని, బావుల క్రింది భూములకు మరికొంత తగ్గించవలెనని కోరినాడు.

ఆయన లెక్క బడిపిల్లలు సైతం చేయగలిగినది. నూరు పుట్లు పండితే సర్కారు వాటా నలుబది అయిదుగా ఉన్నది. అందులో నాల్గవ వంతు తీసివేస్తే ముప్పది నాలుగుకు కొంచెం తక్కువ. అనగా పంటలో ఇంచుమించు మూడవ వంతు. అంతకు మించి లాగితే రైతు చేత ఏమీ మిగలదు. మిగలనివాడు బావి తవ్వడు, ఎద్దు కొనడు, వాన తప్పిన ఏట పొలం వదలిపోతాడు. ఒంటిమిట్ట వంటి మెట్టలో అయిదేండ్లకు ఒకటి రెండు పంటలు పోవడం క్రొత్తగాదు. మంచి ఏట పెరిగిన శిస్తును ఎప్పటికీ నిలిచేదిగా నమ్మితే, కరవు ఏట సర్కారూ రైతూ కలిసి ఓడిపోతారు. పొగాకు ఓడలను నమ్మి చెడిన ఇంటిలో పెరిగినవానికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

చెన్నపట్నం ప్రభుత్వానికి అప్పుడు డబ్బు కావలసి ఉన్నది. సలహాను త్రోసిపుచ్చినారు. మన్రో ఆ ఏటనే సెలవు మీద స్వదేశం పోయినాడు. ఇక్కడ రైతువారీ తీసివేసి ఊళ్లను మొదట మూడేండ్లకు, పిదప పదేండ్లకు గుత్తకిచ్చినారు. ఎక్కువ పాడినవాడికే ఊరు. పాటలో గెలిచినవాడు రైతును పిండినాడు. పిండినా చాలక తానే మునిగినాడు. తగ్గించనన్న ప్రభుత్వానికి బాకీలే మిగిలినవి.

మన్రో 1813లో కామన్సు సభ ఎదుట సాక్ష్యమిచ్చి, మరుసటి ఏడు కొత్త భార్యతో తిరిగి వచ్చినాడు. మరాఠా యుద్ధంలో పేరు తెచ్చుకొన్నాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరైనాడు. పదమూడేండ్ల క్రిందట తాను కోరిన తగ్గింపు తన సంతకంతోనే దత్తమండలాలలో అమలైనది.

1826లో భార్య బిడ్డతో ఇంగ్లండు వెళ్లినది. తానూ పదవి వదలి వెళ్లడానికి అనుమతి కోరి, 1827 వేసవిలో దత్తమండలాలను కడసారి చూచిపోదామని బయలుదేరినాడు. అప్పుడు ఆ ప్రాంతంలో కలరా చెలరేగుతున్నది. జూలై 6న పత్తికొండ మజిలీలో అది ఆయనను పట్టుకొన్నది. ఆ రాత్రికే ప్రాణం పోయినది. కడప జిల్లా గండి క్షేత్రంలో, పాపాఘ్ని ఒడ్డున రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణం ఆయన కంట పడినదనీ, అది చూచినవారు ఎక్కువకాలం బ్రతకరనీ జనం చెప్పుకొంటారు.

గుత్తిలో పూడ్చిన ఆయన దేహాన్ని 1831లో చెన్నపట్నం కోటలోని చర్చికి తరలించినారు. పత్తికొండలో ఆయన పేర చెట్ల తోపు పెంచి, రాతిమెట్ల బావి కట్టించినారు. ఈ సీమ పల్లెల్లో కొందరు రైతులు చాలా కాలం దాకా తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొంటూ వచ్చినారు.