మంచు నడుమ వెగెనర్

1930 నవంబరు 1వ తేదీ. గ్రీన్లాండు ద్వీపం నడిబొడ్డున, సముద్రమట్టానికి సుమారు 3,000 మీటర్ల ఎత్తున, మంచును తొలిచి చేసికొన్న ఒక గుహలో అయిదుగురు మనుష్యులున్నారు. అందులోని తిండి, చమురు శీతకాలం గడచుటకు ముగ్గురికి మాత్రమే చాలును. అయిదుగురిలో పెద్దవానికి ఆనాటితో 50 ఏండ్లు నిండినవి. అతడు తన పుట్టినరోజుననే ఒక యువకుని వెంటబెట్టుకొని, రెండు కుక్కలబండ్లతో, 400 కిలోమీటర్ల దూరాన ఉన్న పశ్చిమతీరానికి ప్రయాణమైనాడు. అతని పేరు ఆల్ఫ్రెడ్ వెగెనర్. ఖండాలు కదులునని చెప్పినవాడుగా లోకం అతనిని ఎరుగును. కాని అతని ఆయువంతా హరించినది మంచు. మంచు మీద వీచే గాలి.

వెగెనర్ 1880లో బెర్లిను నగరంలో జన్మించినాడు. తండ్రి రిచర్డు మతాచార్యుడు, ప్రాచీన భాషల ఉపాధ్యాయుడు, అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపినవాడు. అయిదుగురు సంతానంలో ఆల్ఫ్రెడ్ కడగొట్టు బిడ్డ. ఖగోళశాస్త్రంలో 1905లో డాక్టరు పట్టం పుచ్చుకొన్నాడే గాని, నక్షత్రాల జోలికి మరి పోలేదు. రాత్రంతా ఒకచోట కూర్చుండి దుర్భిణిలో చూచే ఓపిక అతని స్వభావంలో లేదనవచ్చును. అన్న కుర్ట్‌తో కలిసి వాతావరణ పరిశోధనకు దిగి, 1906 ఏప్రిల్‌లో ఒక బెలూనులో 52 గంటలకు పైగా ఆకాశంలో తేలియాడి, ఆనాటికి ఎవ్వరూ చేయని పని చేసినాడు.

ఆ సంవత్సరమే ఒక డేనిష్ బృందంతో తొలిసారి గ్రీన్లాండుకు పోయినాడు. ఈశాన్యతీరంలో రెండు శీతకాలాలు గడపి, గాలిపటాలకు, కట్టుబెలూనులకు యంత్రాలు కట్టి ఎగురవేసి, పైగాలుల వేడిమిని, తేమను కొలిచినాడు. బృందనాయకుడైన మూలియస్-ఎరిక్సెన్, మరి ఇద్దరు అనుచరులు 1907లో మంచు మీదనే ప్రాణాలు విడిచినారు. ఆ మరణాలను దగ్గరనుండి ఎరిగిన యువకుడు మరల అటు తొంగి చూడడని అనుకొనుట సహజం. వెగెనర్ మాత్రం ఇంటికి వచ్చీరాకమున్నే మరొక యాత్రను గూర్చి ఆలోచింపసాగినాడు.

మార్బర్గు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుచు 1911లో వాతావరణపు ఉష్ణగతి శాస్త్రాన్ని గూర్చి ఒక గ్రంథం వెలువరించినాడు. చల్లని మేఘాలలో వాన ఎట్లు పుట్టునో అందులో చూచాయగా సెలవిచ్చినాడు. సున్నకు దిగువ డిగ్రీలలో కూడ గడ్డకట్టని నీటిబిందువులు మేఘంలో ఉండును. వాని నడుమ కొలదిపాటి మంచురవ్వలు చేరినచో, బిందువుల నుండి ఆవిరి రవ్వలకు చేరి అవి పెరిగి బరువెక్కి రాలును. దారిలో కరిగి వానగా భూమి చేరును. తరువాతి శాస్త్రజ్ఞులు బెర్జెరాన్, ఫిండైసెన్ ఈ ఊహను 1930లలో సిద్ధాంతంగా నిలబెట్టినారు.

ఖండాలు కదలినవన్న మాటను అతడు 1912 జనవరిలో ఫ్రాంక్‌ఫర్టు నగరంలో ప్రకటించినాడు. భూగర్భ శాస్త్రజ్ఞులు చాలమంది అతనిని చూచి నవ్వినారు. వాతావరణం చదువుకొన్నవానికి రాళ్ళతో ఏమి పని అని వారి అభ్యంతరం. సముద్రగర్భ పరిశోధనలు పెరిగిన 1960లలో గాని ఆ నవ్వు ఆగలేదు. మన తూర్పు కనుమల శిలలకు, మంచుతో కప్పబడిన అంటార్కిటికా తూర్పుతీరపు శిలలకు నేడు శాస్త్రజ్ఞులు చూపే బంధుత్వం అతని ఊహకు సాక్ష్యమే.

ఆ సంవత్సరమే రెండవసారి గ్రీన్లాండు చేరినాడు. ఈమారు తోడు డేనిష్ సేనాని కోఖ్, ఒక నావికుడు, ఒక ఐస్లాండు దేశస్థుడు. ఈ నలుగురూ ఐస్లాండు గుర్రాలను వెంటగొని, తూర్పుతీరాన హిమఫలకం మీదనే శీతకాలం గడపినారు. అంతకుముందు ఆ సాహసం చేసినవారు లేరు. కోఖ్ మంచుపగులులో పడి కాలు విరుగగొట్టుకొన్నాడు. 1913 వసంతంలో ద్వీపాన్ని అడ్డంగా, పూర్వం నాన్సెన్ దాటిన దారికి సుమారు రెట్టింపు దూరం నడచినారు. గుర్రాలు ఒక్కొక్కటిగా కూలినవి. పశ్చిమతీరం కంటబడుసరికి తిండి నిండుకొన్నది. తన సంఘస్థులను చూడ పడవపై పోవుచున్న ఒక మతగురువు కంటబడుటచే బ్రతికినారు.

ఆ ఏడే వెగెనర్ వివాహం చేసికొన్నాడు. వధువు ఎల్జె, శీతోష్ణస్థితి శాస్త్రంలో దిట్టయైన కెప్పెన్ పండితుని కుమార్తె. మరుసటి ఏట ప్రపంచయుద్ధం వచ్చినది. సైన్యంలో రెండుసార్లు గాయపడి, కోలుకొనుచున్న రోజులలో ఖండాల పుట్టుకను గూర్చిన గ్రంథం వ్రాసి 1915లో ప్రకటించినాడు. మామగారితో కలిసి 1924లో భూమి పూర్వయుగాల శీతోష్ణస్థితులను గూర్చి మరొక పుస్తకం తెచ్చినాడు. భూకక్ష్యలోని మార్పుల ననుసరించి ఎండ హెచ్చుతగ్గులై, మంచుయుగాలు వచ్చి పోవునని సెర్బియా గణితవేత్త మిలాంకోవిచ్ వేసిన లెక్కలు ఆ పుస్తకంలో చోటుచేసికొన్నవి. ఆ ఏడే ఆస్ట్రియాలోని గ్రాట్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి లభించినది. నలుబదినాలుగేండ్ల వయస్సున, ముగ్గురు ఆడబిడ్డల తండ్రికి, స్థిరమైన జీవితం అప్పటికి దొరకినది.

అయినను 1929లో దారి చూచి వచ్చి, 1930లో పెద్ద బృందంతో నాల్గవసారి బయలుదేరినాడు. సంకల్పం ఘనమైనది. పశ్చిమతీరాన ఒకటి, తూర్పుతీరాన ఒకటి, నట్టనడుమ ఒకటి, మూడు స్థావరాలలో ఏడాది పొడవునా గాలిని, చలిని, మంచును కొలువవలెను. ఐరోపాకు తుఫానులను పంపే ఆ మహాహిమఫలకం మీది గాలి శీతకాలంలో ఎట్లుండునో నాటికి ఎవరికీ తెలియదు. మంచులో మందుపాతర పేల్చి, దాని ప్రకంపనం అడుగు రాతిని తాకి మరలివచ్చే కాలాన్ని బట్టి మందం కట్టవలెను.

విధి విచిత్రమేమనగా, అతనికి మంచు కరుగక చేటు వచ్చినది. దిగవలసిన రేవు ముందు సముద్రపు మంచు 38 రోజులు విచ్చుకొనలేదు. జూన్ నడుమ గాని సరకులు ఒడ్డుకు చేరలేదు. నడిమి స్థావరానికి ఐస్‌మిట్టె, అనగా మంచు నడుమ, అని పేరు. అక్కడ గెయోర్గి, సోర్గె అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేరినారు గాని, వారికి చాలిన తిండి చేరలేదు. ప్రత్యేకంగా తెప్పించిన మోటారు స్లెడ్జిబండ్లు మెత్తని మంచులో కదలలేదు. అక్టోబరు 20లోగా సరకులు రాకున్న తాము కాలినడకన తిరిగి వచ్చెదమని వారు కబురంపినారు. ఆ చలిలో అది చావునకు నడచుటయే. వెగెనర్ సెప్టెంబరు 21న లోవె అనే సహచరుని, 13 మంది గ్రీన్లాండు వాసులను వెంటబెట్టుకొని తానే బయలుదేరినాడు. దారిలో పన్నెండుగురు వెనుదిరిగినారు, వారిని నిందింపరాదు. సరకులు చాలవరకు దారిలోనే దిగవిడువవలసి వచ్చినది. సున్నకు దిగువ 54 డిగ్రీల చలిలో, 40 రోజులకు, వెగెనర్, లోవె, రాస్మస్ విల్లుమ్సెన్ అను ఇరువది మూడేండ్ల యువకుడు ఐస్‌మిట్టె చేరినారు. అక్కడివారు అప్పటికే మంచులో గుహ తొలచుకొని, ఉన్నదానితో పొదుపుగా శీతకాలం గడపుటకు నిశ్చయించుకొని ఉన్నారు. ఆ కబురు తెలిసియున్నచో ఈ ప్రయాణమే ఉండదు. లోవె కాలివేళ్ళు గడ్డకట్టి చచ్చిపోగా, గెయోర్గి మత్తుమందు లేకుండ చాకుతో వానిని తీసివేసినాడు.

ఆ గుహనుండియే వెగెనర్, విల్లుమ్సెన్ నవంబరు 1న వెనుకకు మరలినారు. తీరంవారు ఈ ఇద్దరూ ఐస్‌మిట్టెలో ఉన్నారనుకొన్నారు. ఐస్‌మిట్టెవారు తీరం చేరినారనుకొన్నారు. వసంతం వచ్చుదాక నిజం తెలియలేదు. 1931 మే 12న, సుమారు సగం దారిలో, మంచులో నిలువుగా పాతిన రెండు స్కీకర్రల నడుమ వెగెనర్ దేహం దొరకినది. నిద్రసంచి గుడ్డలలో చుట్టి, శ్రద్ధగా పూడ్చిన తీరు అది. అతిశ్రమచే గుండె ఆగినదని సహచరులు ఊహించినారు. నాయకత్వం అన్న కుర్ట్ వహించినాడు. భార్య కోరిక మేరకు దేహాన్ని మంచులోనే ఉంచి, పైన ఎత్తైన ఇనుప శిలువ నిలిపినారు.

గుహలోని ముగ్గురూ పని ఆపలేదు. ఉష్ణోగ్రత సున్నకు దిగువ 65 డిగ్రీల దరికి పోయినది. సోర్గె మంచులో 15 మీటర్ల బావి త్రవ్వి, ఏ యేటి మంచు ఎంత నొక్కుకొని గట్టిపడునో పొరపొరగా తూచినాడు. మంచు మందం రెండున్నర కిలోమీటర్లకు మించునని పేలుళ్ళు తెలిపినవి. ఒక ఫ్రెంచి బృందం 1949లో అదే స్థలంలో మకాం వేసి ఆ కొలతలను కొనసాగించినది.

ఎంత ఉన్నదో తెలిసినప్పుడే ఎంత పోవుచున్నదో తెలియును. ఆ మంచంతయు కరిగినచో ప్రపంచ సముద్రాలు ఏడు మీటర్లకు పైగా పెరుగును. ఉపగ్రహాలు 2002 నుండి వేసిన తూకం ప్రకారం గ్రీన్లాండు ఏటేటా సగటున సుమారు 27,000 కోట్ల టన్నుల మంచును కోల్పోయినది. అంతటి మంచురాశి తన ఆకర్షణచే చుట్టునున్న సముద్రజలాన్ని తనవైపు లాగి ఉంచును. రాశి తరిగినకొలది ఆ నీరు దూరతీరాలకు జారును. కనుక గ్రీన్లాండు కరిగిన నీరు గ్రీన్లాండు రేవుల కంటె కృష్ణా గోదావరీ ముఖద్వారాలవంటి పల్లపు తీరాలకే ఎక్కువ ముప్పు. ఉత్తర అట్లాంటికులో ఉప్పునీరు చల్లబడి బరువెక్కి మునుగుటచే దక్షిణపు వెచ్చని నీరు ఐరోపావైపు సాగుచుండును. మంచినీరు కలిసినకొలది ఆ మునక సన్నగిల్లును. పూర్వయుగాలలో ఆ ప్రవాహం మందగించినపుడు మన నైరుతి ఋతుపవనం కూడ బలహీనపడినదని గుహల సున్నపు పొరలు, సముద్రగర్భపు బురద చెప్పుచున్నవి. 2021 ఆగస్టు 14న గ్రీన్లాండు హిమఫలకపు శిఖరాన, 3,200 మీటర్ల ఎత్తున, వాన కురిసినది. అక్కడి పరిశీలకులు వానను నమోదు చేయుట అదే మొదటిసారి.

ఆ ఇనుప శిలువ ఏనాడో మంచులో పూడిపోయినది. ఏటేటా కురిసిన మంచు క్రింద వెగెనర్ దేహం లోతునకు దిగి, హిమఫలకంతో పాటు మెల్లమెల్లగా పశ్చిమ సముద్రంవైపు సాగుచున్నది. తన నాయకుని అంత శ్రద్ధగా పూడ్చి, అతని దినచర్య పుస్తకాన్ని తీసికొని ఒంటరిగా ముందుకు నడచినాడని తలచే రాస్మస్ విల్లుమ్సెన్ జాడ గాని, ఆ పుస్తకం జాడ గాని నేటికిని దొరకలేదు.