ఒక కలం, పలు కథలు: పింగళి నాగేంద్రరావు

మా బడిలో పెద్ద తరగతుల పిల్లలు చిన్న చిన్న నాటికలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఒక ప్రశ్న తరచుగా వింటున్నాం. నవ్వించే కథలు బాగా రాసేవారు ఎప్పుడూ అవే రాయాలా? లేక మాయలు, మంత్రాలు, పురాణాలు, ఇంటి కథలు అన్నీ రాసి చూడాలా? సినిమాలకు రాయాలని ఉబలాటపడేవారికి ఈ సందేహం మరీ ఎక్కువ. దీనికి సలహా చెప్పడం కన్నా ఒక మహానుభావుని జీవితం చెప్పడం మేలని మాకు తోచింది. ఆయనే పింగళి నాగేంద్రరావు గారు.

పింగళి వారు 1901 డిసెంబరు 29న బొబ్బిలికి దగ్గరలోని రాజాంలో జన్మించారు. కుటుంబం మచిలీపట్నం చేరడంతో అక్కడే పెరిగారు. ఆంధ్ర జాతీయ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగంలో చేరారు. ఈ వాక్యం చదవగానే మన తల్లిదండ్రులలో చాలామందికి తమ కథే గుర్తుకు రావచ్చు! అయితే ఆయన మనసు యంత్రాల మీద నిలవలేదు. కొద్ది కాలానికే ఉద్యోగం వదిలి సాహిత్యం వైపు వచ్చేశారు. బెంగాలీ నేర్చుకుని, ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలను తెలుగులోకి తెచ్చారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయనది నాటకాల లోకం. మచిలీపట్నంలోని ఇండియన్ డ్రమాటిక్ కంపెనీకి నాటకాలు రాశారు. వాటిలో వింధ్యరాణి మంచి పేరు తెచ్చుకుంది. జేబున్నీసా అనే నాటకాన్ని మాత్రం అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. చరిత్ర, రాజుల కథలు, అనువాదాలు ఇలా అన్నీ అక్కడే ఆయన చేతికి అలవాటయ్యాయి. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ విసుగుపడతారో నాటకం వెంటనే చెప్పేస్తుంది. ఇంతకు మించిన బడి రచయితకు ఏముంటుంది?

సినిమాకు తొలిసారి 1941లో భలే పెళ్లి చిత్రానికి రాశారు. దానితో ఆయన దశ తిరిగిపోలేదు. వింధ్యరాణి సినిమాగా వచ్చింది 1948లో. ఆ మరుసటి ఏడాది దర్శకుడు కె.వి. రెడ్డి గారితో కలిసి గుణసుందరి కథ చేశారు. షేక్‌స్పియర్ కింగ్ లియర్ నాటకంలోని తండ్రీ ముగ్గురు కూతుళ్ల కథను తెలుగు జానపదంగా మార్చేసిన సినిమా అది. అప్పటికి ఆయన వయసు నలభై ఎనిమిది. ఇరవై ఏళ్లకే అన్నీ తేల్చుకోవాలని తొందరపడే పిల్లలు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

1951లో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థకు పాతాళ భైరవి రాశారు. కాశీ మజిలీ కథల్లోని కథకు అల్లావుద్దీన్ దీపం వంటి హంగులు చేర్చి, తోటరాముడినీ నేపాళ మాంత్రికుడినీ తెలుగువారి ఇంటి మనుషుల్ని చేశారు. ఆ సినిమా విజయం సాధించింది. అదే దారిలో వచ్చిన మరో జానపదం చంద్రహారం 1954లో పరాజయం పాలైంది. ఒక రకం కథ ఒకసారి గెలిచిందని మళ్లీ గెలుస్తుందన్న హామీ లేదన్నమాట.

1955లో వచ్చిన మిస్సమ్మ చూడండి. అది ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడిన ఇద్దరు యువతీయువకుల నవ్వుల కథ. అందులో మంత్రాలు లేవు, రాజులు లేరు. దానికి పింగళి వారు పాటలు రాశారు. మాటలు రాసినది చక్రపాణి గారు. 1962 నాటి గుండమ్మ కథలోనూ అంతే. పాటలు పింగళి వారివి, మాటలు డి.వి. నరసరాజు గారివి. మాటలూ పాటలూ రెండూ తానే రాసిన పాతాళ భైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ (1961), శ్రీకృష్ణార్జున యుద్ధము (1963) ఏమో జానపదాలూ పౌరాణికాలూను. అంటే ఆయన అన్ని ఇళ్లకూ వెళ్లారు, కానీ తన సొంత ఇల్లు ఏదో ఆయనకు తెలుసు. సాంఘికాల్లో ఇంకొకరి మాటల పక్కన తన పాటను ఒదిగించడం చిన్నతనం అనుకోలేదు. మా ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉందని మాకనిపిస్తుంది.

మిగతా సగం 1957 నాటి మాయాబజార్‌లో ఉంది. శశిరేఖా పరిణయం వ్యాసుని భారతంలో లేదు. జనం నోట పెరిగిన కథ. పాండవుల ఇంటి పెళ్లి కథ అయినా, పాండవులు సినిమాలో ఒక్కసారి కూడా కనబడరు! మన బ్రెమెన్ పిల్లలకు ఇది వింత కాదు. టౌన్ హాలు పక్కన గాడిద, కుక్క, పిల్లి, కోడిపుంజు ఒకదానిపై ఒకటి నిలబడిన విగ్రహం రోజూ చూస్తూనే ఉంటారు కదా. గ్రిమ్ సోదరుల కథలో ఆ నలుగురు సంగీతగాళ్లు అసలు బ్రెమెన్ చేరనే చేరరు. జనం కథల్లో ఇలాంటి తమాషాలు చెల్లుతాయి.

మాయాబజార్ పేరుకు పౌరాణికం. కానీ లోపల ఉన్నది పెళ్లివారి ఎత్తిపొడుపులు, డబ్బు పోగానే మారిపోయే బంధువులు, విడిపోయిన ప్రేమికులు, కడుపుబ్బ నవ్వించే రాక్షసులు. జానపదం రాసిన చెయ్యి, నాటకం రాసిన చెయ్యి, సాంఘికానికి పాట కట్టిన చెయ్యి అన్నీ అక్కడ కలిశాయి. పలు రకాలు రాయడం వల్ల ఆయన కలం పలచబడలేదు; ఒక్కచోట చిక్కబడింది.

అందులో మా బడికి మరీ ఇష్టమైన ఘట్టం ఒకటుంది. ఘటోత్కచుని శిష్యులకు గురువు చిన్నమయ్య మాటలు నేర్పుతుంటాడు. వాళ్లకు ఒత్తులు పలకవు. దుష్టచతుష్టయం కాస్తా దుసట చతుసటయం అవుతుంది. అస్మదీయులు అసమదీయులు అవుతారు. మనవాళ్లు అసమదీయులైతే పగవాళ్లు తసమదీయులు కావాలి కదా! గురువు బాధపడినా, ఘటోత్కచుడు మాత్రం ఆ కొత్త మాటకు మురిసిపోయి వీరతాడు వేయిస్తాడు. ఆ తప్పు మాటలే నేడు తెలుగువారు సరదాగా వాడుకునే మాటలయ్యాయి.

మన ఇళ్లలో పిల్లలు జర్మన్ మాటకు తెలుగు తోక తగిలించి మాట్లాడినప్పుడు, ఒత్తులు పలకలేక తడబడినప్పుడు పెద్దలు చిన్నబుచ్చుకుంటారు. ఎగతాళికి భయపడి నోరు మూసుకున్న పిల్లవాడికి తెలుగు రాదు. చిన్నమయ్యలా దిద్దుదాం, ఘటోత్కచునిలా ఒక వీరతాడూ వేద్దాం.

పింగళి వారు పెళ్లి చేసుకోలేదు. మద్రాసులో రచనే సంసారంగా జీవించి 1971 మే 6న కన్నుమూశారు. ఆయన రాసిన శ్రీకృష్ణ సత్య ఆ ఏడాది చివర్లో విడుదలైంది. చివరి వరకూ కె.వి. రెడ్డి గారి జోడీ విడలేదు.

పిల్లలూ, మొదట అన్ని రకాల కథలూ రాసి చూడండి. చెత్తబుట్ట నిండినా పరవాలేదు. రాస్తూ రాస్తూ ఉంటే మీకు ఏది సహజంగా వస్తుందో అదే మీకు తెలుస్తుంది. అప్పుడు దానిని గట్టిగా పట్టుకోండి, కానీ మిగతా తలుపులు మూయకండి. ఈ సెలవుల్లో అమ్మానాన్నలతో, వీలైతే అమ్మమ్మ తాతయ్యలతో కూర్చుని మాయాబజార్ చూడండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఆపి అడగండి. వచ్చే ఏడాది మన వేదిక మీద మీ నాటిక కోసం మేమంతా ఎదురుచూస్తుంటాం.