తాళం ఒకరికి అమ్మి.. చెవి ఇంకొకరికిచ్చిన హాగెలిన్

మన దేశం కొన్నది, పాకిస్తాన్ కొన్నది, ఇరాన్ కొన్నది. వందకు పైగా దేశాలు తమ రహస్య సందేశాల కోసం స్విట్జర్లాండ్‌ల ఉన్న క్రిప్టో ఏజీ కంపెనీ మెషీన్లను నమ్ముకున్నయి. ఆ కంపెనీ పెట్టినాయన బోరిస్ హాగెలిన్. సైన్యాలకు కోడ్ మెషీన్లు చేసి అమ్ముడే ఆయన పని.

హాగెలిన్ స్వీడన్ మనిషి. పుట్టింది మాత్రం 1892లో, అప్పటి రష్యా సామ్రాజ్యంల, ఇప్పటి అజర్‌బైజాన్‌ల. తండ్రి నోబెల్ అన్నదమ్ముల చమురు కంపెనీల పెద్ద కొలువు చేసేటోడు. హాగెలిన్ స్టాక్‌హోమ్‌ల ఇంజనీరింగ్ చదివి, నోబెల్ కుటుంబం పైసలు పెట్టిన చిన్న కోడ్ మెషీన్ల కంపెనీని చూసుకునేందుకు పోయిండు. 1920లల్ల స్వీడన్ ఆర్మీ జర్మనీ ఎనిగ్మా కొందామని చూస్తుంటే, తమ మెషీన్‌నే మార్చి చూపించి ఆర్డర్ పట్టిండు.

1940లో జర్మనీ నార్వే మీద పడ్డది. హాగెలిన్ భార్యను వెంటబెట్టుకొని, డ్రాయింగులు బ్రీఫ్‌కేసుల, రెండు మెషీన్లు విప్పదీసి సంచిల పెట్టుకొని, హిట్లర్ రాజ్యం నడుమ నుంచే రైల్ల ఇటలీ చేరిండు. అక్కడి నుంచి ఓడెక్కి అమెరికా పోయిండు. అమెరికా ఆర్మీ దానికి ఎం-209 అని పేరు పెట్టి లక్షా 40 వేల మెషీన్లు చేయించుకుంది. టిఫిన్ డబ్బా అంత పెట్టె, కరెంటు అక్కర్లేదు. పళ్ల చక్రాలు తిప్పితే రాసిన మాట గజిబిజి అక్షరాలయితది. జర్మన్లు దాన్ని అప్పుడప్పుడు విప్పిన్రు కూడా. అయితే ఏంది? యుద్ధంల పొద్దుటి కబురు రాత్రికల్లా పాతదైతది, సిపాయిలకు గంత చాలు. హాగెలిన్ మాత్రం రాయల్టీలతోని మస్తు సంపాయించిండు.

అసలు కథ ఆ తర్వాతనే. దేశ రక్షణకు పనికొచ్చే ఆవిష్కరణను సర్కారే గుంజుకోవచ్చనే చట్టం స్వీడన్‌ల ఉండె. అందుకే 1948లో స్విట్జర్లాండ్‌కు మకాం మార్చిండు. సొంత సర్కార్‌కు దొరకొద్దని పోయినాయన అమెరికాకు దొరికిండు. అమెరికా కోడ్ నిపుణుడు విలియం ఫ్రీడ్‌మన్ ఆయనకు జిగ్రీ దోస్తు. 1951లో వాషింగ్టన్‌ల ఒక క్లబ్‌ల అన్నం తినుకుంట ఇద్దరూ నోటిమాటగ ఒప్పందం చేసుకున్నరు. గట్టి మెషీన్లు అమెరికా సరేనన్న దేశాలకే, మిగిలినోళ్లకు కమ్‌జోర్‌వి. 1970లో సీఐఏ, జర్మనీ నిఘా సంస్థ బీఎన్‌డీ కలిసి కంపెనీనే 57 లక్షల 50 వేల డాలర్లకు గుట్టుగ కొన్నయి. వారసుడు కావాల్సిన కొడుకు అదే ఏడాది కారు ప్రమాదంల చనిపోయిండు.

హాగెలిన్‌ను దేశద్రోహి అనలేం. ఎవరి దేశానికని ద్రోహం? కానీ కొన్నోళ్లకు చేసింది మాత్రం పచ్చి మోసం. గరీబు దేశాలు సొంత పైసలు కట్టి మరీ తమ గుట్టు అప్పజెప్పినయి.

1983లో, 91 ఏండ్ల వయసుల హాగెలిన్ చనిపోయిండు. ఈ ముచ్చట పత్రాలతో సహా బయటపడ్డది 2020లో. నడుమ 1992లో ఇరాన్ ఆ కంపెనీ సేల్స్‌మన్‌ను గూఢచారి అని పట్టుకుంది. పాపం, ఆయనకేమీ తెల్వది. తొమ్మిది నెలలు జైల్ల పెట్టిన్రు. కంపెనీ 10 లక్షల డాలర్లు కట్టి విడిపించింది. ఇంటికొచ్చినంక కొలువు తీసేసి, ఆ పైసలు నువ్వే కట్టుమన్నది.