సత్యరాజునకు కలమిచ్చిన వీరేశలింగము

కందుకూరి వీరేశలింగము 1848 వ సంవత్సరము ఏప్రిల్ 16 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. పెద్దవాడై ఉపాధ్యాయవృత్తి నవలంబించి, 1874 లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టెను. ఆ సంవత్సరమే వివేకవర్ధని యను పత్రికను స్థాపించెను.

1881 డిసెంబరు 11 వ తేదీన ఆయన తన యింట ఒక వితంతు వివాహము జరిపించెను. నాటి సంఘమున కది సహింపరాని పని. బంధువులు దూరమైరి, వంటవారు రామనిరి, నీళ్లు మోయువారును మానిరి. భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరినుండి నీరు తెచ్చి, వచ్చినవారికి వండి పెట్టెను. ఆ యిల్లాలి ధైర్యము లేనిచో ఆ పెండ్లి జరిగెడిది కాదేమో!

అట్టివాడు నవల వ్రాయబూనినపుడు ఒక చిక్కు కలదు. ఆయన రాజశేఖర చరిత్రమున గ్రంథకర్త యెడముగా నిలిచి కథ చెప్పును. ఆ కంఠము వీరేశలింగమువారిదేయని చదువరి యిట్టే గుర్తుపట్టును. వెలివేసినవారు వెలిబడినవాని హితబోధను చెవిని బెట్టుదురా?

1890 తరువాతి సంవత్సరములలో చింతామణి పత్రికలో ప్రకటించిన సత్యరాజా పూర్వదేశ యాత్రలలో ఆయన మార్గము మార్చెను. కలమును కల్పిత యాత్రికుడైన సత్యరాజు చేతి కిచ్చి, తాను తెరవెనుకకు తప్పుకొనెను. కథ యంతయు నేను పోతిని, నేను చూచితిని అను ధోరణిలో నడచును. ఆంగ్లకవి స్విఫ్టు 1726 లో ప్రకటించిన గలివరు యాత్రలు దీనికి ఒరవడి. యాత్రికుడు తన మాటలలో తన ప్రయాణమును వ్రాయుట తెలుగువారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మొదలు 1831 వరకు చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చుచు, దారిలో చూచినదానిని దినదినమును వ్రాసియుంచెను. ఆ కాశీయాత్ర చరిత్ర 1838 లోనే అచ్చుపడెను. అయితే వీరాస్వామయ్య వ్రాసినది నిజము. సత్యరాజు వ్రాసినది, పేరున సత్యమున్నను, కల్పన.

దినచర్య వ్రాయువానికి మరునాటి సంగతి తెలియదు. యాత్ర ముగించి వ్రాయువానికి అంతయు తెలియును. కాని యిద్దరియందును ఒక బలము కలదు: కన్నవాడు చెప్పుచున్నాడను నమ్మకము. సత్యరాజు మొదట చేరిన ఆడుమళయాళమున స్త్రీలే ప్రభువులు. మన దేశమున స్త్రీలకు విధించిన కట్టుబాట్లన్నియు అచ్చట పురుషులకు! చదువు వారికి తగదు. భార్యకు లోబడియుండుటయే వారి ధర్మము. సత్యరాజు ఆ దేశాచారములకు విస్తుపోవును. చదువరి మొదట నవ్వును. పిమ్మట తన యింటి యాడువారు జ్ఞప్తికి వత్తురు. ఆ మాట గ్రంథకర్త చెప్పడు, సత్యరాజును చెప్పడు. రెండవ యాత్ర లంకలోని మహాకాయుల నడుమ సాగును.

పిదప వీరేశలింగము కల్పిత యాత్రికుని విడిచి, తన బ్రతుకునే తన మాటలలో స్వీయచరిత్రముగా వ్రాసెను. పెండ్లినాటి కష్టములును అందు కలవు. ఆయన 1919 మే 27 వ తేదీన చెన్నపట్టణమున, కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఇంట కన్నుమూసెను.